ఆంగ్లాభ్యాసమున నన్వయక్లేశము

కృష్ణానదికి బడమట, కాలువనీటి మాగాణుల నడుమ, తెనాలి, బాపట్ల, రేపల్లె యను పట్టణములు మూడు గలవు. ఈ మూడింటియందును బట్టపరీక్షలకు జదువు విద్యార్థులలో బెక్కండ్రు చుట్టుపట్ల గ్రామములనుండి యుదయమున రైలుమీదనో బస్సుమీదనో వచ్చి సాయంకాలమునకు దిరిగి యింటికి బోవువారు. ఇంట దెలుగు, వీథిని దెలుగు, రైలుపెట్టెలో దెలుగు. ఆంగ్లము వారికి గళాశాల గోడలనడుమ నొక గంట వినబడు భాష. పది పండ్రెండేండ్లు ఆంగ్లము చదివియు వీరొక వాక్యమును దడబడక పలుకలేకపోవుటకు గారణమేమి యను ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. బుద్ధిమాంద్యమని కొందఱు, శ్రద్ధాలోపమని కొందఱు, పల్లెటూరి పుట్టుకయని కొందఱు సమాధానము చెప్పుచున్నారు. ఇవి సమాధానములు కావు. ఈ విద్యార్థుల తప్పులను దగ్గఱనుండి పరిశీలించినచో, వానిలో నెక్కువభాగము అజ్ఞానమువలన బుట్టినవి గావనియు, తెలుగు వ్యాకరణము తనపనిని దాను జక్కగా జేయుటవలన బుట్టినవనియు దెలియగలదు. ఆంగ్లోపాధ్యాయునకు బలుమాఱు దోపని యీ సంగతి తెలుగుపండితునకు సులభముగా దోచును. ఐనను నతని నెవ్వరు నడుగుట లేదు.

మొదట బోధనక్రమమును జూతము. మన కళాశాలలయందు ఆంగ్లపాఠము సాగు తీరు పండితులకు గ్రొత్తది గాదు. అధ్యాపకుడు వాక్యమును జదువును. కఠినపదములకు దెలుగున నర్థము చెప్పును. పిమ్మట దాత్పర్యము చెప్పి ముందునకు సాగును. విద్యార్థి పంక్తులనడుమ సన్నని యక్షరములతో నర్థములు వ్రాసికొనును. ఇది పంచకావ్యములను జెప్పిన పద్ధతియే. ప్రతిపదార్థమును దాత్పర్యమును నిలిచినవి గాని, రెంటినడుమ నుండవలసిన మెట్టు, అనగా నన్వయము, జాఱిపోయినది. రఘువంశమును జెప్పు గురువు కర్త యేది, క్రియ యేది, యీ విశేషణ మే విశేష్యమునకు జెందునని శిష్యుని బ్రశ్నించి ప్రశ్నించి గాని తాత్పర్యమునకు బోడు. ఆంగ్లపాఠమున నిట్టి ప్రశ్న లేదు. అందుచే విద్యార్థికి గథ తెలియును, పదములు తెలియును, వాక్యము మాత్రము తెలియదు. పరీక్షకు వలసినది బజారున దొరకు గైడుపుస్తకమున నున్నది. దానిని గంఠస్థము చేయుట మనవారికి గష్టము గాదు. పరీక్ష యుత్తీర్ణుడై యుద్యోగమునకు బోయి, యధికారి యెదుట గూర్చున్నప్పుడు నోట మాట పెగలదు.

ఇచట మఱియొక పోలిక చెప్పకుండ నుండలేను. మనము గ్రాంథికభాషను నేర్చిన విధమెట్టిది? కంటితో జదివి, చేతితో వ్రాసి నేర్చితిమి. గ్రాంథికమున గూరగాయలు బేరమాడుమని పండితునెవ్వడు నడుగడు. అడిగినచో నెంతటివాడును దడబడును. అట్లు కంటితో నేర్చిన యాంగ్లమున దడబడక మాటాడుమని యీ పిల్లల నడుగుచున్నాము. ఇరువదవ శతాబ్ది యారంభమున బాఠశాలల పర్యవేక్షకుడైన యేట్సుదొర, గిడుగు రామమూర్తిపంతులు, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాసయ్యంగారు తెలుగుబోధనను గూర్చి లేవనెత్తిన చర్చకు, ఆంగ్లాది జీవద్భాషలను బలుకుబడినుండి నేర్పు నూతనపద్ధతి ప్రేరణమయ్యెను. ఆ వాదమున 1911లో వెలసిన ఆంధ్రసాహిత్యపరిషత్తు ప్రతిపక్షము వహించినది. జయాపజయముల మాట యెట్లున్నను విచిత్ర మొకటి గలదు: ఆంగ్లబోధనను జూచి తెలుగుబోధనను సంస్కరింపజూచితిమి గాని, యా యాంగ్లబోధనయే మన యూళ్లలో గావ్యపాఠముగా మాఱిపోయినది.

ఈ విషయ మిపుడు త్వరితముగా దలపవలసినదైనది. 1966లో అధికారభాషాశాసనము వచ్చినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ పట్టపరీక్షలకు సైతము తెలుగున బాఠ్యగ్రంథములు వెలువరించినది. అందుచే జరిత్రను, అర్థశాస్త్రమును, రాజనీతిని దెలుగున జదివి, ఆంగ్లమును ఒక భాషగా మాత్రము చదివిన తరములు రెండు మన మండలములందు గలవు. 2019 నవంబరులో బ్రభుత్వపాఠశాలల నాంగ్లమాధ్యమమునకు మార్ప నుత్తరువు వెలువడినది. 2020 ఏప్రిలులో నున్నతన్యాయస్థానము దానిని గొట్టివేసినది. 2021లో బట్టపరీక్షల కళాశాలల నన్నింటిని ఆంగ్లమాధ్యమమునకు మార్ప నిర్ణయమైనది. ఆ మార్పుతో, బడిలో దెలుగున జదివి వచ్చిన బాలుడు ఆంగ్లపాఠమొక్కటియే గాక, తక్కిన శాస్త్రములన్నియు నా భాషయందే వ్రాయవలసినవాడైనాడు. వాక్యమున దప్పినచో నిక నొక పరీక్ష మాత్రమే గాదు, అన్నియు దప్పును. మాధ్యమ మేది యుండవలెనను వివాదమును నేనిచట జేపట్టను. ఏ పక్షము గెలిచినను ఈ బాలుని కష్టము తీఱదు.

ఇక దప్పులను జూతము. ఉత్తరపత్రములు దిద్దువారికి "హీ మై బ్రదర్" వంటి వాక్యములు చిరపరిచితములు. క్రియ మఱచెనని యధ్యాపకుడు విసుగుకొనును. బాలుడు మఱచినది లేదు. "అతడు మా యన్న" యనునది తెలుగున సంపూర్ణవాక్యము. అందు గ్రియ లేదు, ఉండ బనిలేదు. సంస్కృతమున నట్టిచోట నస్తిక్రియ యధ్యాహార్యమని పండితు లెఱుగుదురు. ఆంగ్లమున నా యధ్యాహారము కూడదు, క్రియను బైకి బలుకవలెనని యొక్కమాట చెప్పిన బాలునకు దెలియును. ఆ మాట చెప్పువాడు లేడు.

"ఫీవర్ కేమ్ టు మీ" యని యొక బాలిక సెలవుచీటిలో వ్రాయును. తరగతి నవ్వును. "నాకు జ్వరము వచ్చినది" యని మనము చెప్పునపుడు జ్వరము కర్త; మనము కు ప్రత్యయాంతమై యొక ప్రక్క నిలిచియుందుము. ఆకలి, నిద్ర, కోపము, భయము, తెలివి, ఇష్టము అన్నియు దెలుగున మనకు గలుగునవే కాని మనము చేయునవి గావు. ఆంగ్లమున నట్లు గాదు. జ్వరమును గలిగియుండువాడు కర్త, దెలిసికొనువాడు కర్త, ఇష్టపడువాడు కర్త. ఇది పదముల భేదము గాదు, చూచు తీరునందలి భేదము. ఆ బాలిక నవ్వులపాలైన పిదప నా సంవత్సరమంతయు నాంగ్లమున నోరు విప్పకపోయిన నాశ్చర్యము లేదు.

అంతకంటె జిక్కైన దింకొకటి. "నీవు నిన్న రాలేదా?" యని యధ్యాపకుడు ఆంగ్లమున నడుగును. రానివాడు "యెస్ సర్" అనును. "అవును, రాలేదు" అని వాని భావము. ప్రశ్న యందలి మాట నిజమని యొప్పుకొనుచున్నాడు. ఆంగ్లమున నా పదమునకు వచ్చితినని యర్థము. హాజరుపట్టిక చూచి యధ్యాపకుడు వాని నబద్ధమాడితివని గద్దించును. రెండుభాషలును దమతమ న్యాయముచే సరిగానే యున్నవి. ఒకటి ప్రశ్నవాక్యమునకు సమ్మతి చెప్పును, మఱియొకటి జరిగిన పనికి జెప్పును. నడుమ బాలుడు దోషియైనాడు. ఇట్టిదే యనుకరణము. "రేపు వత్తునని రాముడు చెప్పెను" అను తెలుగువాక్యమున రాముని మాట యుత్తమపురుషయందే నిలుచును. అని యను పదము దానిని గట్టి యుంచును. దానిని బదమునకు బదముగా "రామ సెడ్ దట్ ఐ విల్ కమ్" అన్నచో వచ్చువాడు రాముడు గాక చెప్పువాడగును.

అన్వయక్లేశమునకు బరమావధి విశేషణవాక్యము. "నిన్న మా యింటికి వచ్చిన బాలుడు" అను దానిని "ది బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే" అనుదానితో బోల్చి చూడుడు. తెలుగున జివర నున్న బాలుడు ఆంగ్లమున మొదట నిలుచును. మొదటనున్న నిన్న చివరకు బోవును. ఇంటికి వెనుకనున్న విభక్తి ముందునకు వచ్చును. నడుమ వచ్చుట నడుమనే యుండును. అద్దమున దోచు ప్రతిబింబమువలె నొకటి యొకదానికి దిరుగబడినది. ఈ బాలుడు ఆంగ్లవాక్యమును వినునపుడు చివరిపదము వచ్చువఱకు వేచి, తలలో దిరుగవేసికొని, యర్థము గ్రహించి, ప్రత్యుత్తరమును దెలుగున గూర్చి మరల దిరుగవేసి పలుకవలెను. అంతలో నడిగినవాడు వేఱొకని వైపు దిరుగును. ఆలస్యము మాంద్యముగా నెంచబడుచున్నది.

తెనాలివాడైన చక్రపాణి వంగభాషను నేర్చి శరత్తు నవలలను దెనిగించెను. వంగభాష మనకు జ్ఞాతి గాకున్నను వాక్యమున గ్రియను జివరనే యుంచును, విభక్తిని బదమునకు వెనుకనే చేర్చును. దానిని నేర్చు తెలుగువాడు పదములు నేర్చిన జాలును, వాక్యమును దిరుగవేయ బనిలేదు. ఆ రచయిత ప్రతిభను దక్కువచేయుట నా యుద్దేశము గాదు. భాషాభ్యాసమున గష్టము పదసంఖ్యపై గాక యన్వయముపై నాధారపడునని చూపుట కీ దృష్టాంతము.

ఈ ప్రతిబింబమును దాటుటకు వంతెన పండితునియొద్ద సిద్ధముగా నున్నది. "ఎవడు వచ్చెనో వాడు" అను రచన తెలుగునకు సహజము గాదు; సంస్కృతమున యత్తచ్ఛబ్దములతో నది సహజము. ఆంగ్లమందలి హూ, విచ్ అనునవి యచ్ఛబ్దమువలెనే పనిచేయును. శబ్దమంజరి చదివిన బాలునకు యః, సః అనువాని మూలమున నీ యాంగ్లరచనను అరగంటలో జెప్పవచ్చును. సంస్కృతము చదువనివానికి "ఎవడు వచ్చెనో" యను కృత్రిమమైన తెలుగే మెట్టు కాగలదు. అట్లే ఎ, ది అను నుపపదములు. తెలుగున నవి లేవని చెప్పి యూరకుందురు. "పుస్తకము కొంటిని" అనుటకును "పుస్తకమును గొంటిని" అనుటకును వ్యావహారమున నొక సూక్ష్మభేదము గలదు. రెండవదానిలో వినువాని కెఱుకయైన పుస్తకము తోచును. జడవాచకములకు ద్వితీయార్థమున బ్రథమ వచ్చునని చదివిన పండితు డీ మార్గమున ది యనుదానిని బాలునకు జూపవచ్చును. పూర్తిగ సరిపోవు సామ్యము గాదు, ఐనను దలుపు తెఱచుకొనును.

ఉచ్చారణ విషయమును గొంత విస్తరించెదను, ఏలయన నవ్వులాటలు హెచ్చుగా దీనిగూర్చియే. ఎగ్ అనవలసినచోట "యెగ్గు", ఓన్లీ యనవలసినచోట "వోన్లీ" యందురని పట్టణవాసులు పరిహసింతురు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున జిన్నయసూరి తెలుగుమాటలకు మొదట యకారమును, వు, వూ, వొ, వోలును లేవని శాసించెను. శాసనమెందులకు? నాలుక సహజముగ వానిని దెచ్చుచున్నది గనుక. "యెవరు", "వొకడు" అని వ్రాసిన లేఖనముల నెన్నింటినో పండితులు దిద్దియున్నారు. నాటి తెలుగు లేఖకుని నాలుకయే నేటి యీ బాలుని నాలుక. పదాంతమున హల్లును నిలుపలేక యుకారమును జేర్చుటయు నిట్టిదే. బస్సు, పెన్ను, కప్పు అనువానిలో హ్రస్వముమీది హల్లు ద్విత్వమైనది. కారు, గేటు, సీటు అనువానిలో దీర్ఘముమీద ద్విత్వము లేదు. ఏ గ్రంథము చదువని బండివాడును దీనిని దప్పడు. రోడ్డు, బోర్డు వంటివి వేఱుదారి పట్టినవి; వానిని విచారించుట పండితుల కొక వినోదము కాగలదు. జూ అను మాటను మనవారు దంత్యజకారముతో బలికి యాంగ్లధ్వనికి జేరువగుదురు. జీరో యను మాటలో నికారము పరమగుటచే దాలవ్యము వచ్చి దూరమగుదురు. ఒకే బాలుడు ఒకే ధ్వనిని నొకచోట నొప్పుగను ఒకచోట దప్పుగను బలుకుట చూచి యాంగ్లోపాధ్యాయుడు విస్మయము నొందును. ఇఈఎఏలు పరమగునపుడు చజలు తాలవ్యములను నియమ మెఱిగినవాని కిది విస్మయము గాదు.

వీనికన్నిటికంటె గష్టమైన దూనిక. ఆంగ్లమున బ్రతిపదమునందు నొక యక్షరమును బలముగ నూది పలుకుదురు. రికార్డ్ అను పదమును నామవాచకముగ మొదటి యక్షరమునను, క్రియగ రెండవ యక్షరమునను ఊదుదురు. మన భాషయందు నియతమైనది కాలము, గురువు రెండు మాత్రలు, లఘువొకటి. మనబాలుడు ఆంగ్లమును గురులఘువులతో బలుకును. వినువానికి నది యొకే తీరున జారు జపమువలె దోచును. ఛందస్సు చెప్పునపుడు చేతితో దట్టి గణములు చూపు పండితుడు, అదే చేతితో నూనికలు తట్టి యాంగ్లవాక్యమును జూపవచ్చును.

మర్యాదను గూర్చి యొకమాట. నీవు, మీరు అను భేదము ఆంగ్లమున లేదు. గురువును యు అనుటకు మన బాలునకు మనసొప్పదు. అందుచే బ్రతివాక్యమునకు రెండు సరులు చేర్చును: "సర్, యు టోల్డ్ సర్". గారు అనుటకు మాఱుగ వాడొక క్రొత్త ప్రత్యయమును గల్పించుకొనినాడు. ఇది దోషమని కొట్టివేయువారున్నారు. నాకు మాత్రము వినయమే తోచుచున్నది. మేము, మనము అను భేదమును వుయ్ అను నొక్కపదమున బోగొట్టుకొనునపుడు గూడ వాడు కొంత తడబడును. చేతనున్నది విడుచుటయు నేర్చుకొనుటలో నొక భాగమే గదా.

బాపట్లయందు 1945లో స్థాపితమైన వ్యవసాయకళాశాల గలదు. అచట వెలసిన బి.పి.టి. 5204 అను వరివంగడము సాంబామసూరి పేరున దేశమంతట బ్రసిద్ధము. బి.పి.టి. యనునవి బాపట్లకు సంకేతములైన యాంగ్లాక్షరములు. డెల్టారైతు వానికి దెలుగు బహువచనము చేర్చి "బీపీటీలు" అనును. ఇట్టి రైతుబిడ్డ యా కళాశాలకు వచ్చినపుడు ఆకుమడి, నారు, ఊడ్పు, పిలకలు, పాలుపోసికొనుట యన్నియు నెఱిగియే వచ్చును. అగ్గితెగులును, సుడిదోమను, ఉల్లికోడును ఆకు జూచియే చెప్పగలడు. తరగతిలో బ్లాస్ట్, బ్రౌన్ ప్లాంట్ హాపర్, గాల్ మిడ్జ్ అను పేరులు వినబడును. తన పొలములోని పురుగునే చదువుచున్నానని వానికి గొన్ని వారములకు గాని తెలియకపోవచ్చును. తండ్రి చెప్పిన పేరును బుస్తకపు టంచున వ్రాసికొన్ననాడు శాస్త్రము వాని సొత్తగును. చదువు ముగిసి పొలముగట్టుమీద రైతుతో మాటాడవలసినపుడు వానికి మరల నా తెలుగుపేరులే కావలయును. మఱచినచో నింకొకమాఱు నేర్చుకొనవలసివచ్చును.

ఆంగ్లమాధ్యమమున జిన్ననాటినుండి చదివినవారి కీ కష్టము లేదందురు. కొంత నిజమే, వారు త్వరగా బలుకుదురు. వారిలోను బలువురు "హాట్ హాట్ కాఫీ", "స్లోలీ స్లోలీ" యని యామ్రేడితమును వదలరు. ప్రశ్నకు మాఱుగ "డౌట్" అందురు, మనకు సందేహ మనిన నడుగదగినది గనుక. తెలుగు వ్రాయరాదు గాని తెలుగు వ్యాకరణము మాత్రము వారి నాలుకను విడువలేదు. వారికిని బండితుడు కావలయును.

రేపల్లెలోగాని, వేమూరు భట్టిప్రోళ్లలోగాని యొక యున్నతపాఠశాలయందు వారమున కొక గంట తెలుగుపండితుడును ఆంగ్లోపాధ్యాయుడును ఒకే తరగతిలో నిలుచుదురుగాక. ఒకరు నల్లబల్లకు ఎడమప్రక్క దెలుగువాక్యమును వ్రాయుదురు, ఒకరు కుడిప్రక్క నాంగ్లవాక్యమును వ్రాయుదురు. బాలురు లేచి కర్తకు గర్త, క్రియకు గ్రియ, విభక్తికి విభక్తి గీతలు గీయుదురు. గీతలు చిక్కుపడినచోట నాగి యెందులకు జిక్కుపడినవో విచారింతురు. దీనికి బ్రత్యేకగ్రంథ మక్కఱలేదు. ఎనిమిదవ తరగతి వాచకములు రెండును బ్రక్కప్రక్కన దెఱచిపెట్టిన జాలును.